బావగారి కోపం, అత్తమ్మ డయాలసిస్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తాను. మా అత్తమ్మకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తోంది. తీసుకెళ్లడం, తీసుకురావడం ఎక్కువగా నేనే చూసుకుంటాను. అందుకే ఆస్పత్రిలో, బస్సులో మాస్కు పెట్టుకుంటాను. దగ్గు, జలుబుతో ఎవరైనా ఇంటికొస్తే వాళ్లకూ ఒకటి ఇస్తాను. మా బావగారికి, అంటే మావారి అన్నకు, మాస్కు చూస్తేనే కోపం. బస్టాండ్ దగ్గర ఆయనకు టిఫిన్ సెంటర్ ఉండేది. 2020 లాక్‌డౌన్‌లో మూతపడింది. మళ్లీ తెరిచి కాస్త నిలదొక్కుకునేసరికి 2021లో ఇంకో లాక్‌డౌన్ వచ్చింది. అప్పులు పెరిగి అమ్మేశారు. ఇప్పుడు వేరేవాళ్ల హోటల్లో వంట మాస్టర్. 2021 ఏప్రిల్‌లో మాస్కు గడ్డం కిందకు ఉందని ఆయనకు వెయ్యి రూపాయలు ఫైన్ వేశారు. ఆ రసీదు ఇప్పటికీ బీరువాలో దాచుకున్నారు.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ఆయన చిన్న కొడుకు బాగా దగ్గుతుంటే వాడికి మాస్కు ఇచ్చాను. "మళ్లా షురూ చేసినవా కరోనా డ్రామా? మా పొట్ట గొట్టింది సాలదా?" అని బావగారు ప్రసాదం కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. అప్పటినుంచి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, మాస్కు దండగని పెద్ద పరిశోధనలోనే తేలిందంటూ వీడియోలు పెడుతున్నారు. నేనూ ఊరుకోలేక కొత్త వేరియంట్ల వార్తలు, ఆ మధ్య హెచ్‌ఎంపీవీ అనే వైరస్ వార్తలు పెట్టాను. త్వరలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. మావారు ఎవరివైపూ మాట్లాడరు. అత్తమ్మను పెళ్లికి తీసుకెళ్లాలా? మాస్కు వల్ల అసలు ఉపయోగం ఉందా? అప్పుడు చేసిందంతా ఉత్త హడావుడేనా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఒక సోదరి, మిర్యాలగూడ

సమాధానం: అమ్మా, ముందు పెళ్లి సంగతి. అత్తమ్మను తీసుకెళ్లండి. పెద్దకొడుకు ఇంట్లో పెళ్లి, ఆమెకు మనవరాలు. ఆమెను ఇంట్లో వదిలేసి మీరు అక్షింతలు వేసొస్తే ఆ మాట మీ రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎలా తీసుకెళ్లాలో చివర్లో రాస్తాను.

ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ రసీదు. వెయ్యి రూపాయల రసీదును ఇన్నేళ్లు బీరువాలో దాచుకున్న మనిషితో వైరస్ గురించి వాదిస్తే ఏం లాభం? "నా బతుకు ఎందుకు ఆగం చేసిన్రు, దానికి ఎవరు లెక్క చెప్తరు" అని ఆయన అడుగుతున్నారు. మీరేమో మాస్కు గురించి జవాబు చెబుతున్నారు. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. కాబట్టి ముందు ఆయన ప్రశ్న తీసుకుందాం.

2021 ఏప్రిల్‌ను మీ వైపు వాళ్లు ఎవరూ మరిచిపోయి ఉండరు. రెండో వేవ్ ఎగబాకుతోంది. మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అమల్లో ఉంది. అదే నెలలో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక. 14న హాలియాలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగ సభ, 17న పోలింగ్, 19న ముఖ్యమంత్రికే కరోనా సోకిందని ప్రకటన. 20 నుంచి రాత్రి కర్ఫ్యూ. ఆ కర్ఫ్యూ నడుస్తుండగానే 30న నకిరేకల్, జడ్చర్ల, అచ్చంపేట మున్సిపాలిటీలకు ఓట్లు వేయించారు. ఒక్క పార్టీని అనడానికి లేదు, ప్రచారం అందరూ చేశారు. దేశంలో మిగతాచోట్లా ఆ నెలంతా అదే వరస. సరిగ్గా ఆ నెలలోనే మీ బావగారు మాస్కు గడ్డం కిందకు జారినందుకు వెయ్యి కట్టారు. సాయంత్రం టీవీలో ఆ సభ చూసిన మనిషికి ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

అంతకుముందు ఏడాది సంగతీ అంతే. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశమంతా బంద్. రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉండిపోయింది. మన రాష్ట్రంలో వైన్ షాపులు మే 6న తెరుచుకున్నాయి. జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మే 19న కదిలాయి. హోటల్లో కూర్చుని తినడానికి జూన్ 8 దాకా ఆగాల్సి వచ్చింది. బస్టాండ్ మీద ఆధారపడిన టిఫిన్ సెంటర్‌కు ఈ తేదీల వరస ఏం చేసి ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రేషన్ కార్డుకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు, నిజమే. షాపు అద్దె బియ్యంతో కట్టలేం. 2021లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు, మీకు గుర్తుండే ఉంటుంది. జీతాలు ఆగిపోయిన మీలాంటి వాళ్లకు అది ఏ మూలకూ చాలలేదు. చిన్న హోటల్ నడిపేవాళ్లకు ఆ మాత్రం కూడా ప్రత్యేకంగా ఏమీ రాలేదు. మళ్లీ 2021 మే 12 నుంచి లాక్‌డౌన్, మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. జూన్ 20కి గాని పూర్తిగా ఎత్తేయలేదు.

అప్పుడు చేసిందంతా ఉత్త హడావుడేనా అని అడిగారు. నా ఉద్దేశం చెబుతాను. 2020 మార్చిలో కొన్ని వారాలు మూసేయడాన్ని నేను తప్పుపట్టను. అదేం జబ్బో ఎవరికీ సరిగ్గా తెలియదు, నల్లగొండ నుంచి పరీక్ష చేయించాలంటే హైదరాబాద్ దిక్కు. కానీ నాలుగు గంటల గడువిచ్చి కోట్లమంది రోజుకూలీలున్న దేశాన్ని ఆపేయడం, ఆపాక వాళ్లు ఏం తింటారో తర్వాత చూద్దాం అనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ముంబై, పుణెల్లో ఇరుక్కుపోయిన పాలమూరు కూలీలను అడిగితే తెలుస్తుంది. వలస కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అది మే 1న, అంటే లాక్‌డౌన్ పెట్టి ఐదు వారాలు దాటాక. బడులదీ అదే కథ. వైన్ షాపులు తెరిచిన రాష్ట్రంలో చిన్న తరగతుల పిల్లలు మళ్లీ బెంచీ మీద కూర్చుంది 2021 సెప్టెంబరులో. ఆ మధ్యకాలంలో టీ-శాట్ టీవీ పాఠాలు ఎంతమంది విన్నారో, ఎంతమంది పత్తి ఏరడానికి పోయారో టీచర్‌గా మీరే చూసి ఉంటారు.

అయితే నెపమంతా ప్రభుత్వం మీదే వేస్తే సగం అబద్ధమవుతుంది. ఊరి పొలిమేరల్లో ముళ్లకంప కొట్టి రోడ్డుకు అడ్డం వేసింది ఊళ్లవాళ్లే. పట్నం నుంచి నడిచొచ్చిన సొంత ఊరి పిల్లలను చెట్ల కింద, పొలాల్లో ఉండమన్నదీ మనమే. ఇప్పుడు అంతా డ్రామా అంటున్నవాళ్లలో ఆరోజు కంప కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. బావగారు వాళ్లలో ఒకరని నేననడం లేదు.

ఇంకో మాట కూడా ఆయనకు చేరేయండి. 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, మన ఒంటి మీద హక్కు మనదేనని తీర్పు చెప్పింది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు, కానీ అవి ప్రమాదానికి తగినంతే ఉండాలంది. "తగినంతే" అన్న దగ్గరే బావగారి కేసు ఉంది. ఆయన మూర్ఖుడేం కాదు. ఆయనకు నష్టం జరిగిందని ఇంట్లో ఒక్కరైనా నోరు తెరిచి అన్నారా? మీ ఉత్తరం చదివితే అన్నట్టు లేదు.

ఇప్పుడు మాస్కు. ఇక్కడ మాత్రం బావగారు దారి తప్పారు. ఫైన్ మీద కోపం తెచ్చి గుడ్డ మీద పెట్టారు.

ఆయన పెట్టిన వీడియో బహుశా 2023 జనవరిలో వచ్చిన కాక్రేన్ సమీక్ష గురించి అయి ఉంటుంది. కాక్రేన్ అంటే వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి జల్లెడపట్టే సంస్థ, పేరున్నదే. జనంలో మాస్కులు పెట్టుకోమని చెప్పడం వల్ల ఫ్లూ, కరోనా లాంటివి తగ్గినట్టు పెద్దగా తేడా కనిపించలేదని ఆ సమీక్ష రాసింది. దాన్ని పట్టుకుని "మాస్కు దండగని తేలింది" అని ప్రపంచమంతా ప్రచారమైంది. మార్చిలో ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే, అలా చదవడం తప్పని, ఆధారాలు ఎటూ తేల్చడం లేదని వివరణ ఇచ్చారు. ఎందుకు తేల్చలేదో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఆ పరీక్షల్లో చాలావరకు చూసింది, "పెట్టుకోండి" అని జనానికి చెబితే ఏమవుతుందని. చెప్పినవాళ్లంతా పెట్టుకోరు కదా. పెట్టుకున్నవాళ్లలోనూ సగంమంది ముక్కు బయట.

మన బతుకులకు దగ్గరగా ఉన్న పరీక్ష బంగ్లాదేశ్‌ది. 600 పల్లెలు, 3 లక్షల 40 వేల మందికి పైగా జనం. సగం ఊళ్లలో ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు, మసీదుల్లో ఇమాములతో చెప్పించారు, బజార్లో పెట్టుకోనివాళ్లను ఆపి మర్యాదగా గుర్తుచేశారు. మిగతా ఊళ్లలో మాస్కు వాడకం 100లో 13 మంది దగ్గరే ఉంటే, ఈ ఊళ్లలో 42కు చేరింది. జ్వరం, దగ్గు లాంటి లక్షణాలుండి రక్తపరీక్షలో కరోనా తేలినవాళ్లు దాదాపు 9 శాతం తగ్గారు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో 11 శాతం, అవే ఊళ్లలో 60 దాటినవాళ్లలో 35 శాతం తగ్గారు. గుడ్డ మాస్కులు పంచినచోట తేడా స్పష్టంగా తేలలేదు. ఈ లెక్కల మీదా శాస్త్రవేత్తల్లో వాదనలున్నాయి. 9 శాతం అంటే చప్పట్లు కొట్టేంత గొప్ప కాదు. కాకపోతే సగానికి పైగా జనం మాస్కు లేకుండానే తిరిగిన ఊళ్లలో వచ్చిన తేడా అది. పైగా ఈ పరిశోధనలో ఎక్కడా రసీదు పుస్తకం లేదు. ఈ ముక్క బావగారికి తప్పకుండా నచ్చుతుంది.

మీ ఊరి రైస్ మిల్లులో తువాల కట్టుకుని పనిచేసే హమాలీని అడగండి. ఊక దుమ్ము కొంత ఆగుతుంది, కొంత లోపలికి పోతూనే ఉంటుంది, కట్టుకోకుంటే రాత్రంతా దగ్గు. మాస్కు సంగతీ ఇంచుమించు అంతే. సర్జికల్ మాస్కు ఎక్కువగా ఎదుటివాళ్ల కోసం: దగ్గేవాడి నోటి నుంచి వచ్చేదాన్ని కొంత ఆపుతుంది. ఎన్‌95 బిగుతుగా అమరితే పెట్టుకున్నవాళ్లనే బాగా కాపాడుతుంది. దానికి ముందు చిన్న బిళ్లలాంటి వాల్వ్ ఉంటే కొనకండి, అది మీరు వదిలే గాలిని వడకట్టకుండా బయటకు పంపిస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలోనే ఆ రకం వద్దంది. మాస్కుతో ఆక్సిజన్ పడిపోతుందన్న మాటకు జవాబు ఆపరేషన్ థియేటర్లో ఉంది, సర్జన్లు గంటల తరబడి పెట్టుకునే నిలబడతారు.

"ముందు వద్దన్నరు, తర్వాత పెట్టుకోమన్నరు" అని బావగారు తప్పకుండా అని ఉంటారు. నిజమే అన్నారు. 2020 మార్చి చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇది గాలి ద్వారా వచ్చేది కాదని గట్టిగా చెప్పింది. జూన్ 5న జనమంతా మాస్కులు వాడొచ్చని మాట మార్చింది. గాలి ద్వారా కూడా వస్తుందని సూటిగా ఒప్పుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఈలోపు మనం కూరగాయలు సబ్బునీళ్లతో కడుక్కున్నాం, వీధుల్లో హైపోక్లోరైట్ మందు కొట్టించుకున్నాం. వీధుల్లో కొట్టడం దండగని అదే సంస్థ మే నెలలో చెప్పింది, అయినా ట్యాంకర్లు ఆగలేదు. కొత్త సంగతి తెలిసినప్పుడు మాట మార్చడాన్ని నేను తప్పనను. తెలియకముందే అంత గట్టిగా చెప్పడం తప్పు. మన దగ్గర ప్రైవేటు ఆస్పత్రులు రోజుకు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌కు 9,000 మించి తీసుకోవద్దని 2020 జూన్‌లో ప్రభుత్వం ధరలు కట్టింది. ఎన్ని ఇళ్లలో బిల్లు లక్షల్లో వచ్చిందో అందరికీ తెలుసు. ఇన్ని చూశాక జనం ఏ మాటా నమ్మకపోతే ఆశ్చర్యమేముంది?

కానీ "డ్రామా" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాల్సిందే. 2021 చివరికి ప్రభుత్వ లెక్కలో మన దేశంలో చనిపోయినవాళ్లు 4.81 లక్షలు. మామూలుగా జరిగేవాటికన్నా అదనంగా జరిగిన మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. చిన్న లెక్కనే నమ్మండి, అదైనా తక్కువా? 2021 మే నెలలో ఆక్సిజన్ సిలిండర్ కోసం ఫోన్లు చేసినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు.

ఇక ఈనాటి సంగతి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ పోలేదు. మన ఒళ్లే దానికి అలవాటుపడింది, టీకాలతో కొంత, సోకి తగ్గి కొంత. బావగారికి, మీ వారికి అది వస్తే మూడు నాలుగు రోజుల జ్వరం, నొప్పులు. వాళ్లను మాస్కు పెట్టుకుని తిరగమనడానికి ఇప్పుడు కారణం లేదు. అత్తమ్మ లెక్క వేరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రోగాన్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. పైగా పదిమంది ఉన్న హాల్లో వారానికి మూడుసార్లు, గంటల తరబడి పడుకోక తప్పదు. 2020లో యూరప్ డయాలసిస్ రోగుల లెక్క తీస్తే, కరోనా సోకినవాళ్లలో ఐదుగురిలో ఒకరు 28 రోజుల్లోపే చనిపోయారు. అది టీకాలు రాకముందు మాట, ఇప్పుడంత లేదు. అయినా ఆమెకు మామూలు ఫ్లూ కూడా చిన్న విషయం కాదు.

అందుకే మీకు నా మొదటి సలహా: ఇంట్లో "కరోనా" అన్న మాటే ఎత్తకండి. ఆ మాట వినగానే బావగారికి మూతపడిన షాపు కనిపిస్తుంది. "దగ్గు, జలుబు, జ్వరం ఉంటే అత్తమ్మ దగ్గరకు రావొద్దు" అనండి, చాలు. దీన్ని కాదనే కొడుకు ఉండడు. ఒంట్లో బాగున్నప్పుడు ఆయన మాస్కు లేకుండా వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చోవచ్చు, మీరు అడగనే అడగకండి. పడిశం పట్టినప్పుడు వస్తే అరుగు మీద కుర్చీ వేసి చాయ్ అక్కడే ఇవ్వండి. గాలి ఆడే చోట మాస్కుతో అంత పని ఉండదు.

మీరు చేసిన పొరపాటు కూడా చెప్పాలి కదా. వ్రతానికి వచ్చిన చుట్టాలందరి ముందు పసివాడి చేతికి మాస్కు ఇచ్చారు. వాడి తండ్రికి అది మాస్కులా అనిపించలేదు, ఇంకో రసీదులా అనిపించింది. తోటికోడలిని వంటింట్లోకి పిలిచి "అక్కా, బాబును కాసేపు బయట ఆడుకోనియ్యి" అంటే పని జరిగిపోయేది. గ్రూపులో పెట్టిన వార్తలు కూడా ఆపండి. హెచ్‌ఎంపీవీ అని 2025 జనవరిలో టీవీలు గోలపెట్టిన వైరస్‌ను 2001లోనే గుర్తించారు, అంతకుముందూ ఏటా వచ్చిపోతూనే ఉంది. భయపెట్టే వార్త మీరొకటి, ఎగతాళి వీడియో ఆయనొకటి పెడుతుంటే చూసేవాళ్లకు వినోదం.

ఇంకో సంగతి మీరు ఆలోచించినట్టు లేదు. అత్తమ్మకు జలుబు తెచ్చే అవకాశం బావగారి కొడుకు కంటే మీకే ఎక్కువ. క్లాసు నిండా పిల్లల మధ్య రోజంతా ఉండేది మీరు, ఆమెను చేయిపట్టి ఆటో ఎక్కించేదీ మీరే. వానాకాలంలో, చలికాలంలో పిల్లలు బాగా దగ్గుతున్న రోజుల్లో క్లాసు కిటికీలు తెరిపించండి, మీరు మాస్కు పెట్టుకోండి. మీకే గొంతు నొప్పి మొదలైతే ఆ నాలుగు రోజులు ఆమెను తీసుకెళ్లే పని మీ వారికి అప్పగించండి. డయాలసిస్ హాల్లో మీరిద్దరూ ఎన్‌95 పెట్టుకోండి. రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి మీద, వాకిట్లో, ఇంట్లో అందరూ బాగున్నప్పుడు అది అక్కర్లేదు. రోజంతా పెట్టుకుంటే విసుగొచ్చి అసలు పెట్టుకోవాల్సిన చోట తీసేస్తాం. మాస్కు కన్నా ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది: ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా ఆమెకు పడ్డాయో లేదో కిడ్నీ డాక్టర్‌ను అడగండి. కరోనా టీకా మళ్లీ కావాలా అన్నది కూడా ఆయన్నే అడగండి, వాట్సాప్‌ను కాదు.

బావగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ వారు. ఎవరివైపూ మాట్లాడకపోవడం పెద్దమనిషితనం అనుకుంటున్నారేమో, ఇక్కడ దాని బరువంతా మీ మీద పడుతోంది. తల్లి ఆయనది, అన్న ఆయనది. పెళ్లి పనుల్లో సాయం చేసే వంకతో ఒక పూట వెళ్లమనండి. మీరు వెంట వెళ్లొద్దు. మాస్కు ఊసెత్తకుండా ముందు షాపు గురించి మాట్లాడమనండి. "అన్నా, అప్పట్ల నీకు జరిగింది అన్యాయమే. నేను గూడ నీ దిక్కు నిలబడకపోతి. ఆ ఫైన్ గూడ తప్పే. కని అమ్మ సంగతి వేరే. ఆమెకు పడిశం పట్టినా దవాఖాన పాలైతది. ఎవలికన్న దగ్గుంటే జర దూరముండమని చెప్పుడు, గంతే." మొదటి మూడు మాటలు నిజంగా అనుకుంటేనే అనమనండి. ఊరికే బుజ్జగించడానికి అంటే అన్నదమ్ముల మధ్య వెంటనే తెలిసిపోతుంది.

ఆయన ఒప్పుకోకపోతే? రసీదు చూపించి మళ్లీ మొదటి నుంచి తిడితే? తిట్టనివ్వండి. ఒక మనిషి చేత ఒప్పించడం మీకు అవసరం లేదు. జ్వరంతో ఉన్నవాళ్లు ఆమె గదిలోకి రాకుండా చూసుకుంటే మీ పని అయిపోయినట్టే.

పెళ్లి రోజు సంగతి. ఫంక్షన్ హాల్లో ఏసీ వేసి తలుపులు మూస్తే అందరి ఊపిరి అందులోనే తిరుగుతుంది. అత్తమ్మకు తలుపు దగ్గర, గాలి వచ్చే వైపు కుర్చీ వేయించండి. జీలకర్ర బెల్లం, తలంబ్రాల వేళకు తీసుకొచ్చి, భోజనాల తోపులాట మొదలయ్యేలోపు బయటకు తెచ్చేయండి. హాల్లో ఉన్నంతసేపు ఆమె మాస్కు ఆమెకు ఉంటే చాలు, వచ్చినవాళ్లెవరికీ పంచకండి. ఫొటో దిగేటప్పుడు తీసేయనివ్వండి. మనవరాలి పెళ్లి ఫొటోలో ముసలావిడ మొహం కనిపించకపోతే అదొక గొడవ. దగ్గరకొచ్చి చెవిలో మాట్లాడే చుట్టాలను ఆపే పని తోటికోడలి తరఫు ఎవరికైనా అప్పగిస్తే మీ మీదకు రాదు. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బిగుతు గాజులు వేయొద్దు, ఆ చేయి పట్టి లాగనివ్వొద్దు.

నిజానికి పెళ్లిలో ఆమెకు వైరస్ కంటే విస్తరితో ప్రమాదం ఎక్కువ. పచ్చళ్లలో ఉప్పు, అరటిపండు, కొబ్బరినీళ్లలో పొటాషియం, పైగా ఎండకు దాహమని తాగే నీళ్లు, మజ్జిగ. డయాలసిస్ మధ్య ఇవి మోతాదు మించితే గుండె మీద పడుతుంది. ఆమె భోజనం ఇంటి నుంచే కట్టుకెళ్లండి, పక్కన కూర్చుని ఒక స్వీటు ముక్క తిననివ్వండి. తర్వాత వారంలో జ్వరం గాని, దగ్గు గాని, ఆయాసం గాని వస్తే డయాలసిస్ మానేయకండి. యూనిట్‌కు ముందే ఫోన్ చేసి చెప్పి వెళ్లండి, వాళ్లు విడిగా మంచం చూస్తారు.

పెళ్లి ఏ తేదీనో మీరు రాయలేదు. అది డయాలసిస్ రోజున పడుతుందేమో ఇప్పుడే చూసుకోండి. పడితే ముందు రోజుకు మార్చమని యూనిట్‌లో కనీసం వారం ముందే అడగండి, ముహూర్తాల సీజన్‌లో అందరూ అదే అడుగుతారు.